ట్రయలే కదా!

దుబాయ్‌లో చలి ఉంటుందంటే మా నిజామాబాద్‌లో ఎవరూ నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు. ఇక్కడికొచ్చి పదిహేడేళ్ళయినా నాకు తెలిసిన చలి ఒక్కటే, అది ఏసీ చలి. ఇంట్లో ఒక రకం, ఆఫీసులో ఒక రకం, మాల్‌లో ఇంకో రకం. ఎక్కువైతే రిమోట్ అందుకుంటే సరిపోతుంది. రిమోట్ లేని చలి కూడా ఈ దేశంలో ఉందని తెలిసింది కరోనా గోల సద్దుమణిగాక వచ్చిన ఒక జనవరిలో, జెబెల్ జైస్ కొండ మీద, ఇంకా సరిగ్గా తెల్లవారకముందే, పొట్టి నిక్కరు వేసుకుని నిలబడినప్పుడు. నాలాంటి తెలివైనవాణ్ణి ఆ వేషంలో అక్కడికి చేర్చింది ఒక స్పెల్లింగు.

నేను పనిచేసేది జెబెల్ అలీలో, ప్లాస్టిక్ సీసాలకు మూతలు తయారుచేసే ఫ్యాక్టరీలో. మా దగ్గర కొత్త అచ్చు ఏది వచ్చినా ముందు ట్రయల్ రన్ వేస్తాం. అచ్చు మెషిన్‌కి ఎక్కించి, కొన్ని వందల మూతలు తీసి, ఏది వంకరగా వచ్చింది, ఏది బిగుసుకోవడం లేదు అని చూసుకుని, మొత్తం తీసుకెళ్ళి చెత్త డబ్బాలో పోస్తాం. ట్రయల్‌లో ఎన్ని పాడైనా ఎవరినీ ఎవరూ ఏమీ అనరు. అది లెక్కలోకి రాదు. ఆపరేటర్ తప్పు చేస్తే "ట్రయలే కదా" అంటాం. మేనేజర్ తప్పు చేస్తే "ట్రయలే కదా సార్" అంటాం. నా ఉద్యోగ జీవితంలో మనసుకి ఇంత హాయినిచ్చే మాట ఇంకొకటి వినలేదు.

అందుకే దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. మేం దుబాయ్‌కి వచ్చిందే రెండేళ్ళ ట్రయల్‌కి. షార్జాలో రోలా దగ్గర ఈ ఫ్లాట్‌లో దిగిందీ ట్రయల్‌కే. సోఫా మీద ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తీయలేదు, ఎందుకంటే దాని మీద మేం అసలుగా కూర్చోబోయేది హైదరాబాద్‌లో కొన్న ఫ్లాట్‌లో. ఆ ఫ్లాట్‌లో ప్రస్తుతానికి అద్దెకున్నాయన కాళ్ళు చాపుకుని హాయిగా బతుకుతున్నాడు. మంచి డిన్నర్ సెట్టు అట్టపెట్టెలో ఉంది. కొత్త మిక్సీ మంచం కింద ఉంది. పాత మిక్సీ వేస్తే కింది అంతస్తువాళ్ళు పైకి వచ్చి బెల్లు కొడతారు, అయినా పచ్చడి దానిలోనే. "మనం ఈడనే ఉంటమా ఏంది" అన్నది మా ఇంట్లో ప్రతి ప్రశ్నకూ నా జవాబు. మొదట్లో మా ఆవిడ వాదించేది, తర్వాత మానేసింది. మానేసిందంటే ఒప్పుకున్నట్టే అని నేను అనుకున్నాను, పెళ్ళయిన మగవాళ్ళందరిలాగే.

ఇంత చక్కటి ఏర్పాటులో చిక్కు ఒక్కటే, మా అమ్మాయి. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే పదో తరగతికి వచ్చింది. తెలుగు మా నిజామాబాద్ యాసలో, హిందీ టాక్సీ డ్రైవర్ల యాసలో, ఇంగ్లిష్ ఏ దేశానిదో తేలని యాసలో మాట్లాడుతుంది. పది అయిపోగానే హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న కాలేజీలో ఇంటర్‌కి వేద్దామని నేను నిర్ణయించాను. నిర్ణయించాను అనడం కూడా గొప్పే. ఆఫీసులో తెలుగువాళ్ళందరూ వాళ్ళ పిల్లల్ని అలాగే వేశారు కాబట్టి నాకు నిర్ణయించే శ్రమ కూడా లేకపోయింది. పొద్దున కోడి కంటే ముందు లేపుతారట. నిద్ర ముంచుకొచ్చేదాకా చదివిస్తారట. ఫోన్ ఇవ్వరట, ఆదివారం మాత్రం ఒకసారి మాట్లాడిస్తారట. ఇవన్నీ మావాళ్ళు ఫిర్యాదుగా కాదు, గొప్పగా చెప్పారు. నేనూ నోరు తెరుచుకుని గొప్పగానే విన్నాను.

ఒకరోజు అన్నం తినేటప్పుడు సంగతి మా అమ్మాయికి చెప్పాను. పిల్లలకి మెల్లగా చెప్పాలి కదా, మెల్లగానే చెప్పాను.

"ఒక్క సంవత్సరం పోయి చూడు బిడ్డా. ట్రయల్ అనుకో. నచ్చకపోతే వాపస్ వద్దువు."

ఆమె కంచం పక్కకు జరిపింది.

"నేనేమన్న మూతనా డాడీ?"

ఆ తర్వాత నాతో మాట్లాడ్డం మానేసింది. ఏడుపు లేదు, అరుపు లేదు. పక్క కుర్చీలో నేనుండగానే "మమ్మీ, నీళ్ళ సీసా ఇటు ఇయ్యమని చెప్పు" అనేది. మా ఆవిడ నాకు చెప్పేది, నేను సీసా ఇచ్చేవాణ్ణి, "థ్యాంక్స్ చెప్పు మమ్మీ" అనేది. వాట్సాప్‌లో నేను ఏం పంపినా తిరిగి ఒక బొటనవేలు వచ్చేది. బోర్డు పరీక్షలకి బాగా చదువు తల్లీ అని నాలుగు పేరాలు రాసి పంపినా అదే బొటనవేలు. మా ఆవిడని నువ్వైనా చెప్పవే అని అడిగితే "మీ ఇష్టం" అంది. ఆ రెండు మాటల్లో నా ఇష్టం ఎక్కడా లేదని నాకు అర్థమయ్యేంత కాపురం చేశాను.

అలాంటి రోజుల్లో ఆఫీసులో ఒక మెయిల్ వచ్చింది. మా ముదీర్, అంటే మేనేజర్, తన కొలెస్ట్రాల్ రిపోర్టు చూసుకున్న దగ్గర్నుంచి మా అందరి ఆరోగ్యం మీద శ్రద్ధ పెంచుకున్నాడు. జెబెల్ జైస్ మీద ఎవరో పరుగు పందెం పెడుతున్నారు, కొండల్లో పన్నెండు కిలోమీటర్లు, కుటుంబంతో రావచ్చు, యల్లా, అంటే పదండి, అందరూ పేర్లివ్వండి అని ఆ మెయిల్ సారాంశం. పైన పెద్ద అక్షరాలతో 'వింటర్ ట్రెయిల్ రన్' అని ఉంది. ట్రెయిల్ అంటే కొండల్లో రాళ్ళబాట. ఇంగ్లిష్‌లో రాస్తే దానికీ ట్రయల్‌కీ అవే ఐదు అక్షరాలు, మధ్యలో రెండు మాత్రం చోట్లు మార్చుకుంటాయి. ఇన్నేళ్ళు రోజుకి పదిసార్లు ట్రయల్ రన్ రిపోర్టు చదివిన నా కళ్ళు ఆ రెండక్షరాలనీ ఎవరూ అడక్కుండానే సరిచేసుకుని చదివేశాయి. చలికాలపు ట్రయల్ రన్. అసలుది తర్వాత ఎప్పుడో ఉంటుందన్నమాట. ట్రయల్‌కి రావడానికి ఎవరికేం అభ్యంతరం? వెంటనే పేరిచ్చాను.

ఆ రోజు ఇంట్లో మా ఆవిడతో అన్నాను. "ఆఫీసోల్లు కొండ మీద రన్నింగ్ పెట్టిన్రు. ఉత్త ట్రయల్ రన్. మనం గూడ పోదామా?"

మా అమ్మాయి బల్ల మీద ఉన్న నా ఫోన్ తీసుకుంది. మెయిల్ చూసింది. ఒకసారి నా వంక చూసింది, మళ్ళీ మెయిల్ చూసింది. తర్వాత కొన్ని వారాలకు మొదటిసారి, మధ్యలో వాళ్ళమ్మని పెట్టకుండా నేరుగా నాతో మాట్లాడింది.

"నేను వస్త. పందెం కాద్దాం డాడీ."

"ఏం పందెం?"

"నీకంటె ముందు నేను గీత దాటితె హాస్టల్‌కు పోను. ఈడనే చదువుకుంట. నువ్వు ముందొస్తె సప్పుడు చెయ్యకుండ పోత. మళ్ళ ఒక్క మాట గూడ అనను."

కూతురు మాట్లాడిందన్న సంతోషం ఒకపక్క. ఇంకోపక్క నా బుర్ర, మూతల ఫ్యాక్టరీలో పదునెక్కిన బుర్ర, చకచకా లెక్క వేసింది. నేను ముందొస్తే సమస్య తీరిపోతుంది. ఆమె ముందొస్తే? ట్రయల్ రన్ కదా, ట్రయల్‌లో వచ్చింది లెక్కలోకి రాదు, అసలు పరుగులో చూసుకుందాం అనొచ్చు. ఎటు పడినా నాకు దెబ్బ లేని పందెం. ఇలాంటి పందెం కట్టే అవకాశం మనిషికి జీవితంలో ఒకసారి వస్తుంది. చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాను. మా ఆవిడ ఇద్దరి చేతులూ చూసి, లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది, కొంచెం ఎక్కువ చప్పుడుతో.

ఆ తర్వాత మా అమ్మాయి రోజూ పొద్దున్నే వాళ్ళమ్మని వెంటేసుకుని ఖాలిద్ లగూన్ ఒడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. మంచిదే, గాలి మారుతుంది, కోపం తగ్గుతుంది అనుకున్నాను. ఆమె ఆ నీళ్ళ చుట్టూ పరుగెడుతోందని, మా ఆవిడ బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో టైమ్ చూస్తోందని నాకు తెలియదు. నా సాధన నేనూ చేశాను. రోలాలో కారు పెట్టడానికి చోటు దొరకాలంటే మన వీధి వదిలేసి రెండు మూడు వీధులు వెతుక్కుంటూ పోవాలి, అక్కణ్ణుంచి ఇంటికి నడవాలి. ట్రయల్‌కి అది చాలు. స్కూల్లో కబడ్డీ ఆడినవాణ్ణి, పదిహేనేళ్ళ పిల్లని దాటలేనా అన్న ధైర్యం ఒకటి పొట్ట కింద ఎక్కడో ఉండేది. పొట్ట అడ్డం కాబట్టి కనిపించేది కాదు.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ ఒక సంచీ నింపింది. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర, రెండు దుప్పట్లు, ఇంకా రెండు మంకీ టోపీలు. మంకీ టోపీ అంటే తెలుగువాడికి చెప్పాల్సిన పని లేదు, కళ్ళూ ముక్కూ తప్ప తలంతా మూసేసి మనిషిని ఏటీఎం దొంగలా కనిపించేలా చేసే ఉన్ని టోపీ. అవి ఇంట్లో ఉన్నాయని కూడా నాకు తెలియదు.

"దుబాయ్‌ల మంకీ టోపీ ఏందే? ఎవలన్న చూస్తె నవ్విపోతరు" అన్నాను.

"ఎవలో నవ్వుతరని చలికి వణుకుత అంటె వణుకుండ్రి" అంది మా ఆవిడ.

మా అమ్మాయి టోపీ వంక అసహ్యంగా చూసింది. చూసి, మడిచి, నడుముకి కట్టుకున్న చిన్న సంచీలో పెట్టుకుంది. నేను అది గమనించాను గాని, తల్లి మాట కాదనలేక పెట్టుకుందిలే అనుకున్నాను.

రస్ అల్ ఖైమా దాటి కొండ మలుపులు ఎక్కుతుంటే కారు అద్దం కింద చూపించే డిగ్రీలు ఒక్కొక్కటే పడిపోవడం మొదలుపెట్టాయి. పైకి చేరేసరికి ఐదు చూపించింది. బండి సెన్సర్ పాడైందేమో అన్నాను. తలుపు తీశాను. సెన్సర్ బాగానే ఉంది. గాలి కొండ మీద నుంచి నేరుగా నా నిక్కరులోకి వచ్చింది. చుట్టూ ఉన్న జనం టోపీలు, చేతులకి తొడుగులు, మెడకి గుడ్డలు, ఒంటికి మూడేసి పొరలు వేసుకుని ఉన్నారు. పొట్టి నిక్కరూ, కంపెనీవాళ్ళు ఇచ్చిన పల్చటి టీషర్టూ వేసుకున్నది నేనూ, మా ముదీరూ. ఆయనైతే కాసేపు అటూ ఇటూ చూసి, మోకాలు పట్టేసిందని చెప్పి, హీటర్ వేసుకుని కార్లో కూర్చున్నాడు. అందుకే ఆయన ముదీర్, నేను కాదు.

అందరికీ నంబరు కాగితాలు ఇచ్చారు. పెద్దవాళ్ళకి తెల్లవి, పదహారేళ్ళ లోపు పిల్లలకి పసుపువి. వాటి లోపల చిప్పు ఉంటుంది, చివర గీత దాటగానే మెషిన్ దాన్ని చూసుకుని టైమ్ రాసుకుంటుంది. ఛాతీ మీద పిన్నులతో పెట్టుకోమన్నారు. నా ఛాతీ మీద అంత చోటు లేదు. విశాలంగా ఉన్నది పొట్టే కాబట్టి దాని నడినెత్తిన పెట్టుకున్నాను. మైకులో ఎవరో ఇంగ్లిష్‌లో, అరబ్బీలో నియమాలు చదివారు. నేను రెండు భాషల్లోనూ వినలేదు. నా పళ్ళ చప్పుడు వినడానికే నా చెవులు సరిపోలేదు. నా పక్కన మా అమ్మాయి షూ లేసు బిగించుకుంటోంది, ఆమె కూడా విన్నట్టు లేదు.

బూర మోగింది. మా అమ్మాయి వెళ్ళిపోయింది. ఇందులో వర్ణించడానికి ఏమీ లేదు. పక్కనున్న మనిషి పక్కన లేకుండా పోయింది. రాళ్ళ మీద ఒక్కొక్క అడుగూ ఎక్కడ వేయాలో ముందే తెలిసినట్టు పోతున్న ఆ పసుపు కాగితం మొదటి మలుపు దాకా కనిపించింది. నేను పరిగెత్తాను. పరిగెత్తాను అనే నా అభిప్రాయం. కాసేపటికి ఒక పెద్దాయన, మా నాన్న వయసువాడు, చేతికర్రలు పట్టుకుని నన్ను దాటుతూ "ఆర్ యూ ఓకే?" అని అడిగాడు. ట్రయల్ కదా అన్నట్టు నవ్వాను. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు ఇంటి ఖర్చుల గురించి మాట్లాడుకుంటూ, మాట తెగకుండా, ఊపిరి తీసుకోకుండా నన్ను దాటారు. ఒక వంపులో కొండమేకలు వరసగా నిలబడి నన్ను చూశాయి. వాటికైనా ఒంటి నిండా బొచ్చు ఉంది.

పైకి పోయినకొద్దీ గాలి ఎక్కువైంది. చేతివేళ్ళు ఉన్నాయో లేవో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. చెవులు మొదట నొప్పెట్టాయి, తర్వాత నొప్పి మానేశాయి, నాకు నొప్పే నయమనిపించింది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు వాటి దారిన అవి కారుతున్నాయి. సగం దారిలో ఒక బండ పక్కన కూర్చుని మంకీ టోపీని మనసారా తలుచుకున్నాను. మా ఆవిడని కూడా తలుచుకున్నాను గాని టోపీ తర్వాతే. అప్పుడు కూడా నా ధైర్యం ఒక్కటే. ఎంత ఆలస్యమైనా ఏముంది, ఆమె ఎప్పుడో చేరిపోయి ఉంటుంది, టీ తాగుతూ ఉంటుంది, నేను వెళ్ళి ట్రయలే కదా బిడ్డా అంటాను. కుంటుకుంటూ దిగుతూ ఆ మాటని రకరకాలుగా సాధన చేశాను. నవ్వుతూ ఒకసారి, గంభీరంగా ఒకసారి, భుజం తడుతూ ఒకసారి. పందెం మొత్తంలో నేను సరిగ్గా సాధన చేసింది ఆ ఒక్క మాటే.

చివరి మలుపు తిరగగానే గమ్యం కనిపించింది. గాలి నింపిన ఎర్రటి కమాను, పాటల హోరు, జనం. దానికి ఈవలే, రాయి విసిరితే తగిలేంత దూరంలో, నీళ్ళు ఇచ్చే చివరి బల్ల ఉంది. బల్ల వెనక నాలుగు కోట్లు తొడుక్కున్న ఒక పెద్దావిడ ఉంది, వలంటీర్. బల్ల పక్కన, రేకులా మెరిసే దుప్పటి ఒకటి భుజాల మీద కప్పుకుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, తలకి మంకీ టోపీ పెట్టుకుని, ఎవరో నిలబడి ఉన్నారు. దగ్గరికి వచ్చాక గాని ఆ ఎవరో మా అమ్మాయి అని తెలియలేదు. టోపీలోంచి ముక్కు ఒక్కటే బయటికి ఉంది. అది దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

"ఇంత సేపా డాడీ!" అంది. పెదాలు వణికి మాట సరిగ్గా రాలేదు. "ఎప్పట్నుంచి నిలబడ్డ తెలుసా? నా ముందల్నే అందరు పోయిన్రు. అందరు!"

"మరి నువ్వెందుకు పోలే?"

"పోనిస్తలేరు! గార్డియన్ వస్తెనే గీత దాటాల్నంట. రూల్ అంట."

నియమాల్లో ఉందట. పసుపు నంబరు పిల్లలు వెంట వచ్చిన పెద్దవాళ్ళతో కలిసే చివరి గీత దాటాలట. మెయిల్ అడుగున కూడా ఉందట. నేను మెయిల్ పై వరసే సరిగ్గా చదవలేదు, ఇక అడుగు వరస ఏం చదువుతాను. తండ్రికి తగ్గ కూతురు, ఆమె కూడా అడుగుదాకా చదవలేదు. కాకపోతే పై వరస సరిగ్గా చదివింది.

"ట్రయల్‌కు గూడ ఇన్ని రూల్సా బిడ్డా" అన్నాను. అంత దూరం సాధన చేసిన మాట, ఎక్కడో ఒకచోట వాడాలి కదా.

"ట్రయల్ కాదు డాడీ! టి, ఆర్, ఏ, ఐ, ఎల్. ట్రెయిల్. రాళ్ళ తోవ. ఇదే అసల్ది, తర్వాత ఇంకోటి లేదు. ఆ దినమే చూసిన నేను."

"చూస్తె చెప్పొద్దా?"

"చెప్తె నువ్వు ప్రాక్టీస్ చేస్తవ్ గద!" అంది. "నాకు ఏదీ ట్రయల్ కాదు డాడీ. నువ్వు ట్రయల్‌కు వచ్చినవ్ గాని, నేను ఈడనే పుట్టిన."

నేను నోరు తెరిచే లోపే నా బుర్ర ఇంకో లెక్క వేసింది, చెప్పడానికి సిగ్గేస్తుంది గాని వేసింది. ఇద్దరం ఒకే చోట ఉన్నాం. ఇక్కణ్ణుంచి కమాను దాకానే పందెం. ఆమె చలికి బిగుసుకుపోయి ఉంది. ఒక్క అడుగు ముందు వేస్తే చాలు, సప్పుడు చెయ్యకుండా హాస్టల్‌కి పోతుంది. ఇంత దూరం వచ్చినా మనిషి బుద్ధి ఎక్కడికీ పోలేదు.

ఆ పెద్దావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నిక్కరు దగ్గర కొంచెం ఎక్కువసేపు చూసింది.

"ఆప్ హీ గార్డియన్ హై?"

అవునన్నాను. అంత దగ్గరగా కమాను కనిపిస్తున్నా పిల్లని ఇంతసేపు చలిలో ఎందుకు నిలబెట్టారని నా హిందీలో కొంచెం దబాయించి అడిగాను. ఆవిడకి కోపం రాలేదు. మా అమ్మాయి భుజాల మీది దుప్పటి అంచులు దగ్గరికి లాగి ముడివేస్తూ, అందరికీ తెలిసిన సంగతే నాకు మళ్ళీ చెబుతున్నట్టు అంది.

"బచ్చీ కో అకేలే నహీ భేజ్‌తే, భాయ్‌సాబ్."

పిల్లని ఒంటరిగా పంపరట. కమాను కనిపిస్తోంది. దాని కింద నిలబడ్డ మా ఆవిడ ఎర్ర స్వెట్టర్ కూడా కనిపిస్తోంది. ఆ మాత్రం దూరం, ఇంతమంది చూస్తుండగా, పదిహేనేళ్ళ పిల్లని ఒంటరిగా పంపడానికి ముక్కూమొహం తెలియని మనిషికి మనసొప్పలేదు. నేను కన్నతండ్రిని. సముద్రం అవతలికి పంపుతున్నాను, ఆదివారం ఒకసారి మాట్లాడిస్తారని సంబరపడుతూ. ఏడుపు వచ్చింది. చలికి కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు, చలి వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

"చెయ్యి పట్టుకో బిడ్డా" అన్నాను. ఆమె పట్టుకోలేదు, నేనే పట్టుకున్నాను. నా వేళ్ళకీ ఆమె వేళ్ళకీ దేనికీ స్పర్శ లేదు, రెండు కర్రలు పట్టుకున్నట్టు ఉంది. నడిచాం. కమాను దగ్గరికి వస్తుంటే ఆమె అడుగు తడబడింది, ఎవరు ముందు అన్న సంగతి ఆమెకీ గుర్తొచ్చినట్టుంది. నేను వేగం తగ్గించాను. ఆమెని ముందుకు పొమ్మని చెయ్యి ఊపాను. "టుగెదర్, టుగెదర్!" అని అక్కడున్న కుర్రాడెవడో అరిచాడు. సరే అని పక్కపక్కనే, అడుగులో అడుగు వేసి, ఇద్దరం ఒకేసారి గీత మీద కాలు పెట్టాం. మా మెడల్లో పతకాలు వేశారు. మా ఆవిడ దుప్పటి తెచ్చి ముందు కూతురికి కప్పింది, మిగిలిన అంచు నాకు ఇచ్చింది.

కార్లో హీటర్ పూర్తిగా పెంచుకుని కొండ దిగుతున్నాం. మా అమ్మాయి వెనక సీట్లో టోపీ తీయకుండానే కూర్చుంది. ఎవరూ పందెం మాట ఎత్తలేదు. ఎత్తితే ఏం తేలుతుందో అని ముగ్గురికీ భయంగానే ఉంది. రెండో మలుపులోనో మూడో మలుపులోనో నా ఫోన్ మోగింది. నేను బండి నడుపుతున్నాను కాబట్టి మా ఆవిడ తీసింది.

"రిజల్ట్స్ అంట" అంది. చదివింది, మళ్ళీ చదివింది. ఆమె మొహం మారిపోయింది.

"ఏమొచ్చింది మమ్మీ?"

మా ఆవిడ నెమ్మదిగా, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా చెప్పింది.

"ఒక్క సెకను. డాడీ ముందట ఉన్నడు."

ఒకేసారి కాలు పెట్టాం. కాని మెషిన్ చూసేది కాళ్ళని కాదు, నంబరు కాగితాన్ని. మా అమ్మాయి కాగితం ఛాతీ మీద ఉంది. నాది పొట్ట మీద ఉంది. నేను ఎంత వెనక్కి తగ్గినా నా పొట్ట తగ్గలేదు, నాకంటే ముందు వెళ్ళి నా తరఫున పందెం గెలిచి వచ్చింది.

అద్దంలో వెనక సీటు కనిపిస్తోంది. మా అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. మెడలో పతకం తీసి పక్కన పెట్టింది. మాట ఇచ్చింది కదా, ఒక్క మాట కూడా అనలేదు. సప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

"గది లెక్కకు రాదు" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది.

"ట్రయల్ రన్ గద అది. ట్రయల్‌ల ఎవలు ముందొచ్చిన్రు, ఎవలు ఎనుకొచ్చిన్రు అని చూస్తరా ఎవలన్న? మా ఫ్యాక్టరీల అయితె డబ్బాల పారేస్తం."

వెనకనుంచి చాలా చిన్న గొంతు వచ్చింది.

"మరి హాస్టల్?"

"ఖలాస్" అన్నాను.

మా ఆవిడ ఫ్లాస్కు మూత తీసి, టీ పోసి, మొదటి కప్పు నాకిచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కూతురు ఉండగా మొదటి కప్పు నాకు రావడం నాకు గుర్తులేదు. అద్దంలోకి చూశాను. మా అమ్మాయి మంకీ టోపీని రెండు చేతులతో గడ్డం దాకా లాగేసుకుంది, కళ్ళు కూడా కనిపించకుండా. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో టోపీ పైనుంచి చెప్పడం కష్టం. చివరికి ఉన్ని లోపలినుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడొకటి వచ్చింది, దాని వెనకే మాట వచ్చింది.

"టి, ఆర్, ఏ, ఐ, ఎల్, డాడీ."